మొదటి రూపాయి మోకుకే: కల్లుగీతలో కొత్తవారికి పనిముట్ల ఎంపిక

మాచర్ల: కల్లుగీత వృత్తిలోకి కొత్తగా అడుగుపెట్టే యువకుడిని మొదట కలవరపెట్టేది చెట్టు ఎత్తు కాదు, పనిముట్ల ఖర్చు. తాత, తండ్రి ఇద్దరూ గీతకారులైన ఇంట ఈ బెంగ ఉండేది కాదు. మోకు పెద్దాయనది, కత్తి తండ్రిది, లొట్లు పెరట్లో బోర్లించి ఉండేవి. మధ్యలో ఒక తరం చదువులకో, పట్నం పనులకో వెళ్లిపోయిన కుటుంబాలలో ఆ గొలుసు తెగింది. తిరిగి చెట్టు వైపు చూస్తున్న మనుమడికి అటక మీద మిగిలింది పురుగు తిన్న తాడు, తుప్పు పట్టిన కత్తి మాత్రమే. అన్నీ కొత్తగా కొనాలి. చేతిలో ఉన్నది కొద్దిపాటి సొమ్ము. ఏది ముందు కొనాలి, దేనిలో ఆదా చేసుకోవచ్చు, దేనిలో చేసుకోరాదు అన్నదే ప్రశ్న.

పాశ్చాత్య దేశాలలో ఇంట్లోనే బీరు పులియబెట్టుకొనే అలవాటు ఉన్నది. బ్రిటన్‌లో 1963లో దానిపై ఆంక్షలు తొలగించగా, అమెరికాలో 1978లో ఫెడరల్ చట్టాన్ని సవరించి అనుమతించారు. అక్కడి కొత్తవారు కొనే సామగ్రి చిన్నది. ఇరవై లీటర్లకు పైబడిన మూత బకెట్టు, లోపలి గాలిని బయటకు మాత్రమే వదిలే చిన్న గొట్టం, తీపి కొలిచే తేలుడు గొట్టం, సీసాలు. ఇటువంటి సామగ్రిని చూసి ఇక్కడా ప్రయత్నించవచ్చని భ్రమపడరాదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇంట్లో తాగడానికేనన్న సమాధానం చెల్లదు. పల్నాడు పల్లెలో ఒక సామాన్యుడు తన చేతులతో, చట్టం అనుమతించిన విధంగా దించగలిగిన పులిసిన పానీయం కల్లు ఒక్కటే. కాకపోతే ఇక్కడ బకెట్టు నేల మీద ఉండదు, యాభై అరవై అడుగుల ఎత్తున వేలాడుతుంది. అక్కడ పొరపాటు జరిగితే బీరు పాడవుతుంది. ఇక్కడ మనిషి పడిపోతాడు.

కత్తి కన్నా ముందు కాగితం

పనిముట్ల కొనుగోలుకు ముందు తేల్చుకోవలసింది లైసెన్సు సంగతి. సొంత పొలం గట్టున ఉన్న తాడిచెట్టయినా సరే, అనుమతి లేకుండా గీయరాదు. గీత కార్మికుల సహకార సంఘంలో సభ్యుడిగా చేరడం ఒక మార్గం కాగా, సంఘం లేనిచోట వ్యక్తిగతంగా చెట్లు పొందే ‘ట్రీ ఫర్ ట్యాపర్’ విధానం రెండోది. వివరాలు ఎక్సైజ్ స్టేషన్‌లో తెలుసుకోవచ్చు.

ఈ కాగితం విలువ కేసుల నుంచి తప్పించుకోవడంతో ఆగదు. 2022-27 కాలానికి కల్లుగీత విధానాన్ని ప్రకటించినపుడు రాష్ట్ర ప్రభుత్వం చెట్టు నుంచి పడి మరణించిన గీత కార్మికుని కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచింది. పేరు రికార్డులో లేని కార్మికుని భార్య ఆ సొమ్ము కోసం ఏ కార్యాలయం మెట్లు ఎక్కినా ఫలితం ఉండదు. కనుక రుసుములకు అయ్యే కొద్దిపాటి మొత్తాన్ని పనిముట్ల ఖర్చులో భాగంగానే లెక్కించుకోవాలి.

మోకు: ఇక్కడ బేరం వద్దు

గీతకారుని పనిముట్ల పేర్లు ప్రాంతాన్ని బట్టి మారుతూ ఉంటాయి. చెట్టును, ఎక్కేవాని నడుమును కలిపి చుట్టే లావుపాటి తాడును మోకు అంటారు. నడుముకు కట్టుకొని కత్తులు, లొట్టి తగిలించుకొనే అమరికను ముస్తాదు అని, కొన్నిచోట్ల ముత్తాదు అని పిలుస్తారు. పాదాలకు వేసుకొని చెట్టును అదిమిపట్టే తాడు చుట్టు గుజి. ఈ మూడింటిలో ప్రాణం ఆధారపడేది మోకు మీదనే.

కొత్తవారు చేసే మొదటి తప్పు పురుగుమందుల దుకాణంలోనో, ఇనుప సామాను కొట్లోనో దొరికే నీలం, పసుపు రంగుల ప్లాస్టిక్ తాడుతో సరిపెట్టుకోవడం. చూపుకు అది గట్టిగానే ఉంటుంది, ధర తక్కువ, బరువూ తక్కువే. అయితే ఆ తాళ్లలో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్‌తో చేసినవి. ఎండకు వాటి నార లోలోపల పెళుసెక్కుతుంది. రాష్ట్రంలో ఎండల పేరు చెబితే మొదట గుర్తుకు వచ్చేది మాచర్ల పొరుగున ఉన్న రెంటచింతల. అటువంటి చోట ఒక వేసవి గడిచేసరికి అలాంటి తాడు ఎంత బలహీనపడిందో పైకి చూసి చెప్పడం కష్టం. పైగా రాపిడికి వేడెక్కితే మెత్తబడుతుంది. కాలు జారి మోకు చెట్టు వెంట ఒరుసుకుంటూ దిగే క్షణంలో పుట్టేది సరిగ్గా ఆ వేడే. పందిరికి, బండికి పనికివచ్చే తాడు మనిషికి పనికిరాదు.

నారతో పేనిన సంప్రదాయ మోకుకు ఒక సుగుణం ఉన్నది. పాడవుతున్నపుడు అది కంటికి కనిపిస్తుంది. పోగులు లేస్తాయి, రంగు మారుతుంది, ముక్క వాసన వస్తుంది. దాని శత్రువు తేమ. వానలో తడిసిన మోకును చుట్టచుట్టి మూలన పడవేస్తే లోపలి నుంచి కుళ్లుతుంది. పర్వతారోహకులు వాడే రకం తాడు, అంటే లోపల నైలాన్ పోగులు, పైన అల్లిన తొడుగు ఉన్నది, ఖరీదైనదే గాని కుళ్లదు, ఎండను కూడా కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. సొమ్ము చాలకపోతే మంచి నార మోకు కొని ఏటా మార్చుకోవడం నాసిరకం నైలాన్‌ను మూడేళ్లు లాగడం కన్నా మేలు.

మోకు పొడవును అంగడిలో అంచనా వేయరాదు. గీయబోయే చెట్లలో అన్నిటికన్నా లావైనదాని మొదలును నూలు దారంతో కొలవాలి. ఆ చుట్టుకొలతకు నడుము వెనుక తిరిగి రావడానికి కావలసిన పొడవు, చేయి చాపి పట్టుకొనే దూరం, ముడికి పోయే పొడవు కలుపుకోవాలి. అడుగున లావుగా ఉండే తాడిచెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. పొట్టి మోకు మొదట్లోనే ఆగిపోతుంది. మరీ పొడవైతే పైన వదులై మనిషి చెట్టుకు దూరంగా వేలాడతాడు. ముడి వేసినచోట తాడు బలం గణనీయంగా తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఉన్న మోకు చాలక ఇంకో ముక్క ముడివేసి పొడిగించుకొనేవారు కనిపిస్తుంటారు. ఆ పని ఎంతమాత్రం తగదు.

తాటి మట్టల అంచున నల్లని రంపపు పళ్లు ఉంటాయి. పైకి చేరాక మోకును మట్టల మధ్య ఇటూ అటూ లాగితే అవి తాడును కోస్తాయి. కొత్త చెట్టు ఎక్కినవాడు ముందు ఎండుమట్టలను శుభ్రం చేసుకోవాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

నడుము పట్టీ సరిపోదు

మోకు ఎంత గట్టిదైనా దానికొక పరిమితి ఉన్నది. అది చెట్టును చుట్టి ఉంటుందే గాని బిగుసుకోదు. పాదం పట్టు తప్పితే మనిషితోపాటు మోకు కూడా జారుతుంది. ఛాతీ, మోచేతులు చెట్టుకు గీరుకుపోతాయి, చేతులు వదిలితే తలకిందులవుతాడు. దీనికి విరుగుడుగా తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట భద్రతా కిట్లు ప్రవేశపెట్టింది. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వీటి పంపిణీని ప్రారంభించారు. కొండలెక్కేవారు వాడే పట్టీలు, తాళ్లు, కొక్కేలను తాటిచెట్టుకు అనువుగా మార్చి, వాడకంలో శిక్షణ ఇచ్చి అందజేయడం దీని ప్రత్యేకత.

పల్నాడు యువకుడు అటువంటి అమరికను సొంతంగా సమకూర్చుకోదలిస్తే చూడవలసినవి కొన్నే. భవన నిర్మాణ కూలీలకు అమ్మే నడుము పట్టీ చవక. కానీ పడిన మనిషి బరువంతా ఒక్క నడుము మీద పడితే వెన్నుకు, కడుపుకు దెబ్బ తగులుతుంది. తొడలు, భుజాలు, ఛాతీ అన్నిటినీ పట్టి ఉంచే పూర్తి హార్నెస్ కొనాలి. దానిపై ఐఎస్ 3521 అన్న ప్రమాణ సంఖ్య, ఐఎస్ఐ ముద్ర ఉన్నాయో లేదో చూడాలి. తలకు హెల్మెట్ అయితే ఐఎస్ 2925. సంఖ్య లేని వస్తువు ధరలో ఎంత రాయితీ ఇచ్చినా తిరస్కరించడమే మంచిది. ఇతరులు వాడి వదిలిన హార్నెస్ ఎన్నడూ కొనరాదు. అది ఒకసారి మనిషిని ఆపిందో లేదో, ఆపినపుడు కుట్లు ఏ మేరకు సాగాయో కొనేవానికి తెలియదు.

హార్నెస్‌కు జతగా చెట్టుకు వేసే పట్టీలు రెండు ఉండాలి. ఒకటి మాత్రమే ఉంటే మట్టల వరుస దాటించేటపుడు దానిని విప్పక తప్పదు. ఆ కొద్ది క్షణాలలో మనిషికి ఏ ఆధారమూ ఉండదు. రెండు ఉంటే ఒకటి తీసే లోపు మరొకటి పట్టి ఉంటుంది. బరువు పడగానే చెట్టును బిగించి పట్టుకొనే విధంగా ఆ పట్టీలను వేయడం నేర్చుకోవాలి. హార్నెస్ కొక్కేన్ని మోకుకో, తాటి మట్టకో తగిలిస్తే అది అలంకారమే అవుతుంది. ఇంకొక జాగ్రత్త కూడా ఉన్నది. ఈ పట్టీలు ఎక్కువగా పాలియెస్టర్‌తో చేసినవి. తడి సున్నం దానిని క్రమంగా తినివేస్తుంది. లొట్లకు పూసే సున్నం డబ్బా, హార్నెస్ ఒకే సంచిలో ఉండరాదు.

పట్టీ కాపాడిన మనిషి పైనే వేలాడుతూ ఉండిపోతే అదీ ప్రమాదమే. కాళ్లలో రక్తం నిలిచి కొద్దిసేపట్లోనే స్పృహ తప్పవచ్చు. చెట్టు కింద కేక వినే దూరంలో ఒకరు ఉండటం ఏ దుకాణంలోనూ దొరకని, ఖర్చులేని భద్రత. కొత్తవాడు ఒంటరిగా ఎక్కరాదు.

కత్తులు రెండు చాలు

ఆదా చేసుకోదగిన చోటు కత్తులు. పాతకాపుల పొదిలో నాలుగైదు ఉంటాయి గనుక కొత్తవాడు కూడా అన్నీ కొనాలని అనుకుంటాడు. నిజానికి మట్టలు నరికే మోటు కత్తి ఒకటి, గెలను పల్చగా చెక్కే సన్నని గీత కత్తి ఒకటి ఉంటే మొదటి కాలం గడిచిపోతుంది. గీత కత్తి పదును మంగలి కత్తిలా ఉండాలి. మొద్దు కత్తితో కోస్తే గెల కొన నలిగి, రసం ఊరే దారులు మూసుకుపోతాయి. కల్లు తగ్గిందని చెట్టును నిందించేవారు ముందు కత్తి అంచును చూసుకోవాలి. నూరుకోవడానికి ఒక చెక్కపలక, దాని మీద చల్లడానికి మెత్తగా దంచిన పలుగురాయి పొడి చాలు. కత్తులను గీతకారులకు చేసిపెట్టే అలవాటున్న కమ్మరి వద్ద చేయించుకోవడం మేలు. చెక్క పిడి కొనేవాని అరచేతికి అమరిందో లేదో అక్కడే పట్టి చూసుకోవచ్చు.

పోతుతాడు గెలలను కోతకు ముందు కొద్దిరోజులు సున్నితంగా నొక్కి మెత్తబరచాలి. దానికి వాడే కర్ర పటకారును సొంతంగా చేసుకోవచ్చు. పోతుతాడు చలికాలంలో, పండుతాడు వేసవిలో కల్లు ఇస్తాయి గనుక రెండో దానికి కావలసిన సరంజామాను మొదటి సంపాదనతో కొనుక్కొనే వీలుంటుంది.

చెట్టెక్కే యంత్రాల గురించి కూడా అడుగుతుంటారు. కేరళలో కొబ్బరిచెట్లకు వాడే పాదాల యంత్రం అక్కడ ఎంతో ఉపకరించింది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి యువతకు దానిపై శిక్షణ కూడా ఇప్పించింది. తాడిచెట్టు సంగతి వేరు. మొదలు బాగా లావు, పైన సన్నం, కొన్ని చెట్లకు పాత మట్టల మొదళ్లు ఊడక గరుకుగా ఉంటాయి. కొబ్బరికి కుదిరిన యంత్రం దీనికి కుదరకపోవచ్చు. తన చెట్టు మీద వేసి చూడనిదే కొనరాదు. తక్కువ సొమ్ముతో మొదలుపెట్టేవారికి అది మొదటి ఏడాది ఖర్చు కాదు.

లొట్టిలో జరిగేది

గెల కొన నుంచి రాలే రసం తొలి చుక్కలో తియ్యగా, మత్తు లేకుండా ఉంటుంది. లొట్టి గోడలకు, గాలికి, గెలకు అంటుకొని ఉన్న ఈస్టు, జైమోమోనాస్ వంటి సూక్ష్మజీవులు వెంటనే పని మొదలుపెట్టి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. కొద్ది గంటలలోనే అది కల్లు. ఆల్కహాలు సుమారు 4 నుంచి 6 శాతానికి చేరుతుంది. ఆపైన పులుపు బ్యాక్టీరియా చేయి పెరిగి, ఒక రోజు దాటేసరికి వెనిగర్ దారి పడుతుంది. బీరు తయారీదారు పొట్లంలో కొని కలిపే ఈస్టు ఇక్కడ లొట్టిలోనే ఉచితంగా ఉంటుంది. అయితే దానితోపాటు కూడని జీవులూ ఉంటాయి. ఏవి గెలుస్తాయన్నది లొట్టి శుభ్రత మీద, ఎండ మీద ఆధారపడుతుంది. పల్నాడు వేసవిలో ఈ మార్పులన్నీ వేగంగా జరిగిపోతాయి.

మట్టి లొట్టి చెమర్చి చల్లబడుతుంది. చవకగా దొరుకుతుంది. పగులుతుంది, దాని సూక్ష్మ రంధ్రాలలో పాత పులుపు దాగుతుంది, ఇవి దాని లోపాలు. ప్లాస్టిక్ డబ్బా తేలిక, పగలదు, కడగడం సులువు, కానీ ఎండకు వేడెక్కుతుంది. ఏది ఎంచుకున్నా రెండు జతలు ఉండాలి. ఒక జత చెట్టు మీద ఉండగా మరొకటి వేడినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి ఆరాలి. అయిదు చెట్లు, చెట్టుకు మూడు లొట్లు అనుకుంటే పదిహేను, రెండు జతలకు ముప్పై. పగిలేవాటికి మరి నాలుగు కలుపుకోవాలి. సొమ్ము చాలకపోతే లొట్లు తగ్గించడం కాదు, చెట్లు తగ్గించుకోవాలి. ఒకే జతను కడగకుండా తిప్పినవాని కల్లు మధ్యాహ్నానికే ముఖం చిట్లించేటంత పులుస్తుంది.

పత్తి, మిర్చి విరివిగా పండే ఈ ప్రాంతంలో ఖాళీ పురుగుమందు డబ్బాలు ఊరూరా దొరుకుతాయి. గట్టిగా ఉంటాయి, పిడి ఉంటుంది, ఖర్చు లేదు. ఎన్నిసార్లు కడిగినా మందు అవశేషాలు ప్లాస్టిక్‌లో మిగులుతాయి. వాటిని కల్లుకు గాని, నీళ్లకు గాని వాడటం తాగేవారికి విషం పోయడమే. వాడుకొనే డబ్బా ఆహార పదార్థాలకు ఉద్దేశించినదై ఉండాలి.

పిడుగురాళ్ల సున్నంతో నీరా

పులియని తీపి రసం, అంటే నీరా కావాలనుకొనేవారికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. లొట్టి లోపలి గోడకు సున్నం పూస్తే చాలు. సున్నం క్షారగుణం సూక్ష్మజీవులను ఎదగనీయదు. సున్నం బట్టీలకు పేరుపొందిన పిడుగురాళ్ల ఇదే జిల్లాలో ఉండటం మాచర్ల వారికి కలిసివచ్చే అంశం. పూత పల్చగా ఉంటే రసం పులుస్తుంది, మరీ మందమైతే నోరు పొక్కుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి ప్రయోగశాల సరుకులు అమ్మేచోట దొరికే పీహెచ్ కాగితాలు చాలు. కాగితం తటస్థం దగ్గర గాని, కాస్త పైన గాని చూపితే అది నీరా, నాలుగు ప్రాంతానికి దిగితే కల్లు. కొబ్బరి నీరాకు కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ సున్నం లేకుండా మంచుపెట్టెలో రసం పట్టే పద్ధతిని రూపొందించింది. తాటి ఉత్పత్తులపై రాష్ట్రంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం పనిచేస్తున్నది. నీరాతో బెల్లం చేయదలచినవారికి అక్కడి సలహా ఉపకరిస్తుంది.

నూరు రూపాయల లెక్క

ధరలు ఊరిని, కాలాన్ని బట్టి మారతాయి గనుక నిష్పత్తి చెప్పుకోవడమే మేలు. పనిముట్లకు నూరు రూపాయలు ఉన్నాయనుకుంటే అందులో అరవై మోకు, హార్నెస్, పట్టీలకు పోవాలి. పాతిక లొట్లకు. పది కత్తులకు. మిగిలిన అయిదు సున్నం, వడకట్టే బట్ట, కాగితాల వంటి చిల్లరకు. లొట్లకు, కత్తులకే సగం ఖర్చుచేసి మోకు దగ్గర చేయి ముడుచుకొనేవారే ఎక్కువ. ఎందుకంటే లొట్టి పెరిగితే రాబడి పెరుగుతుంది, మోకు మంచిదైతే కంటికి కనిపించే లాభమేమీ లేదు.

అరవై కూడా పూర్తి హార్నెస్‌కు చాలనివారు మొదటి కాలం పొట్టి ఈతచెట్లతో ఆరంభించవచ్చు. నిచ్చెనతో అందే చెట్లు ఉంటాయి. ముళ్లు గట్టిగా గుచ్చుకుంటాయి, ఈతలో కోసేది గెలను కాదు, మట్టల కింది మానును. దాని పద్ధతిని, చెట్టుకు ఇవ్వవలసిన విరామాన్ని విడిగా నేర్చుకోవాలి. ఇనుప నిచ్చెన అయితే కరెంటు తీగల దరికి చేర్చరాదు.

కొనుగోలు చలికాలానికి ముందే ముగియాలి. కొత్త హార్నెస్‌తో మొదటి రోజే పైకి వెళ్లకుండా, మనిషి ఎత్తులో చెట్టుకు కట్టుకొని, కాళ్లు వదిలి, పట్టీలు ఎక్కడ ఒరుస్తున్నాయో చూసుకోవాలి. అలా పది రోజులు సాధన చేసినవారికి పైన చేతులు వణకవు. ప్రతి ఉదయం ఎక్కేముందు మోకును రెండు చేతుల మధ్య అంగుళం అంగుళం తిప్పుతూ చూడాలి. తెగిన పోగు, గట్టిపడిన మచ్చ, సన్నబడిన చోటు ఏది కనిపించినా ఆ రోజు చెట్టు ఎక్కరాదు. తీసివేసిన మోకును అటక మీద దాచరాదు, అవసరానికి మరొకరు దించి వాడతారు. మూరెడేసి ముక్కలుగా కోస్తే గాబు దగ్గర దూడను కట్టడానికి పనికివస్తుంది.